దించని వేషం

ఏడు ఏరులు దాటితే కంకాళగిరి వస్తుందని దారి చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఎనిమిదో ఏరు సంగతి చెప్పలేదు. ఆ ఏట్లో చుక్క నీరు లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా మొసళ్ళే. పొద్దుటి ఎండకు నోళ్ళు తెరుచుకుని, వీపులు వీపులకు ఆనించుకుని, నాపరాళ్ళు పరిచినట్టు పడుకుని ఉన్నాయి. వాటి పళ్ళ సందుల్లో తెల్లని పిట్టలు కూనిరాగాలు తీస్తున్నాయి.

"నీళ్ళు లేని ఏట్లో ఇవి ఏం తిని బతుకుతాయి బాబాయ్?" అంది చెంగల్వ.

"నిలబడి ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళని తిని," అన్నాడు కేతప్ప.

చెంగల్వ పకపకా నవ్వి, కత్తి మొలలో బిగించి, మొదటి మొసలి వీపు మీదికి దూకేసింది. ఆమె వెనకే కేతప్ప. నెత్తిమీద వేషాల పెట్టె, చేతిలో చెప్పులు. పదో మొసలిదాకా ఏవీ కదల్లేదు. పదకొండోది ఆవలించింది. అంతే, ఏరంతా ఒక్కసారి లేచింది. తోకలు గాలిలో కొరడాల్లా ఆడాయి. చెంగల్వ ఒకదాని ముక్కు మీద కాలు మోపి, ఇంకోదాని తోక తప్పించుకుని, వెనక్కి తిరిగి కేతప్ప నడుం పట్టుకుని ఈడ్చింది.

"ఆ పెట్టె వదిలెయ్ బాబాయ్!"

"నీ మీసం ఊడుతోందమ్మా!"

"ముందు ప్రాణం చూడు, మీసం సంగతి తరవాత!"

ఇద్దరూ అవతలి ఒడ్డున బోర్లా పడ్డారు. కేతప్ప ఎడమ చెప్పు మొసలి పాలయింది. పెట్టె మాత్రం దక్కింది.

చెంగల్వ పింగళావతి రాజ్యపు సేనను నడిపిన దళవాయి మారయగారి ఒక్కగానొక్క కూతురు. ఇరవై రెండేళ్ళది. మగసైనికుడి వేషంలో బయలుదేరింది. పన్నెండేళ్ళ కింద యుద్ధంలోంచి పారిపోయాడన్న నింద మోపి రాజు ఆమె తండ్రిని దేశం వెళ్ళగొట్టాడు. అడవిలో ఒంటరిగా పోతున్న ఆయన్ని శంబళుడనే మాంత్రికుడు పట్టుకుపోయి కంకాళగిరి గుహలో రాయిని చేసి నిలబెట్టాడు. లోకం వెలివేసిన మనుషులంటే శంబళుడికి ఇష్టం. వాళ్ళని వెతుక్కుంటూ ఎవరూ రారు కదా.

కేతప్ప పగటివేషగాడు. వయసు యాభై దాటింది. పట్టపగలు నడివీధిలో, తెరా దివిటీ లేకుండా, ఎదుటి మనిషి కళ్ళముందే ఇంకో మనిషిగా నడిచి చూపించడం అతని విద్య. సరిహద్దు సంతలో అతను తలారి వేషం కట్టి నడుస్తుంటే అసలు తలారే లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అది చూసి చెంగల్వ అతన్ని వెంట రమ్మంది. నాలుగో రోజు అన్నాల దగ్గర తాను ఎవరి కూతురో చెప్పింది.

కేతప్ప నోటిదాకా వచ్చిన ముద్దను మళ్ళీ ఆకులో పెట్టేశాడు. ఆ రోజు నుంచి పదకొండు రోజులు. ప్రతి ఉదయం ఆమెకు మీసం అతికిస్తూ ఈరోజు చెప్పేయాలి అనుకుంటాడు. మీసం అతుక్కుంటుంది. మాట మాత్రం నోట్లోనే ఉండిపోతుంది.

ఏటి ఒడ్డు నుంచి ఒకటే దారి, రెండు కొండల మధ్య ఇరుకు కనుమ. ఆ కనుమలో అడ్డంగా ఒక ఇల్లు. ఇల్లంటే ఇల్లే. వాకిట్లో ఏనుగు చెవులు అప్పడాల్లా ఎండబోసి ఉన్నాయి. మూడు గండశిలల పొయ్యి మీద చిన్న గుడి అంత కాగు కుతకుతలాడుతోంది. తాటిమాను తెడ్డుతో దాన్ని కలుపుతున్న రాక్షసి ముసలిది వీళ్ళ అలికిడికి తలెత్తింది. ఆవిడ కొప్పులో ఒక పూలచెట్టు వేళ్ళతో సహా ఉంది.

"ఓరి నరుల్లారా, ఆగండి. మీ ఇద్దర్లో ముదురెవరు, లేతెవరు? ఉడకడానికి తేడా ఉంటుంది, విడివిడిగా వెయ్యాలి."

చెంగల్వ కత్తి దూసింది. ముసలిది దాన్ని రెండు వేళ్ళతో లాక్కుని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో పళ్ళు కుట్టుకుంటారా మీ వాళ్ళు?"

"అవ్వా, అవ్వా," కేతప్ప ముందుకు వచ్చి సాష్టాంగపడ్డాడు. "నేను వేషగాణ్ణి. నన్ను వండితే రుచీ పచీ ఉండదు. ఒంటినిండా రంగు."

తెడ్డు ఆగింది. "వేషగాడివా?"

"అవునవ్వా."

ముసలిది కాగు కింద మంట తగ్గించింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. తరవాత ఆవిడ మాట్లాడిన గొంతు కనుమను దద్దరిల్లించే గొంతు కాదు.

"అయితే మా వాణ్ణి చూపించు. నా కొడుకుని. శంబళుడి చాకిరీకని కొండెక్కినవాడు మళ్ళీ దిగలేదు. చూపించావా, తోవ ఇస్తాను. చూపించలేదా, మంట మళ్ళీ పెంచుతాను."

"ఎట్లా నడిచేవాడవ్వా?"

"ఎడమ మడమ నేలకు ఆనించేవాడు కాదురా. పసితనంలో పొయ్యిలో అడుగు పెట్టాడు. నేను పప్పు తిరగమోతలో ఉన్నాను, చూసుకోలేదు." తెడ్డు కాగు అంచుకు ఆనించింది. "గుమ్మం దగ్గరికి రాగానే తల వంచేవాడు. వంచకపోయినా తగలదు, అంత ఎత్తున పెట్టించాను గుమ్మం. అయినా వంచేవాడు, చిన్నప్పటి ఇంటి అలవాటు."

కేతప్ప పెట్టె తెరిచాడు. మసి, ఎర్రమట్టి, రెండు ఎద్దుకొమ్ములు. మూడు పూతల్లో మనిషి మారిపోయాడు. ఎదురుగుండా ఉన్నది నాలుగు మూరల బక్కమనిషే. కానీ అతను కనుమ మలుపు దగ్గర నుంచి నడిచివస్తుంటే చెంగల్వకు నేల అదిరినట్టనిపించి రెండడుగులు వెనక్కి వేసింది. ఎడమ మడమ గాలిలోనే ఉంది. అలసిపోయి ఇల్లు చేరుతున్న పెద్ద శరీరపు బరువంతా కుడికాలి మీద ఉంది. గుమ్మం ముందు ఆగి, తనకు పది నిలువుల ఎత్తున ఉన్న ద్వారబంధానికి తల వంచి లోపల అడుగు పెట్టాడు.

ముసలిది ఏడ్చింది. ఆవిడ కన్నీళ్ళు వాకిలి దాటి పారి, ఏనుగు చెవులన్నీ తడిసిపోయాయి. ఏడుపు సద్దుమణిగాక ముక్కు చీదింది. ఆ చప్పుడుకు కొండమీది గద్దలు లేచిపోయాయి.

"వాడివి కావు," అంది.

కేతప్ప కొమ్ములు తీసేశాడు. "కానవ్వా. నడక తప్పిందా?"

"నడక వాడిదే. చేతులే తప్పాయి. ఖాళీ చేతుల్తో వచ్చావు. వాడు ఏనాడూ ఖాళీ చేతుల్తో ఇంటికి రాలేదు. ఒక దుంపో, ఒక జింకపిల్లో, ఏదీ దొరక్కపోతే ఇంత చింతచిగురో తెచ్చేవాడు. చేతులు చూడవా నువ్వు?"

కేతప్పకు వాళ్ళ గురువు గుర్తొచ్చాడు. ముఖం అబద్ధమాడుతుందిరా, చేతులు అబద్ధమాడతాయి, పాదం ఆడదు, పాదం మీదే కన్ను పెట్టు అని తొడపాశం పెట్టి నేర్పాడు. నలభై ఏళ్ళు ఆ మాట మీదే బతికాడు. మనిషి ఎదురైతే అతని చూపు నేల మీదికే పోతుంది.

"చూడనవ్వా," అన్నాడు.

ముసలిది కాగులోంచి గంజి పోసి ఇద్దరికీ పెట్టింది. వాళ్ళు వచ్చిన పని విని, తోవ గురించి, శంబళుడి గురించి తనకు తెలిసింది చెప్పింది.

"మిట్టమధ్యాహ్నం ఒక్క గడియ వాడు గుహలో మడుగులో మునిగి ఉంటాడు. ఆ గడియలోనే మీ పని కావాలి. కానీ పిల్లా," మీసం ఉన్నా ఆవిడ పిల్లా అనే పిలిచింది, "మీ నాన్నని ఎత్తుకు రావడం కుదరదు. ఊరికే మనిషిని రాయి చెయ్యడం వాడి చేత కాదు. లోకం ఒక మనిషికి ఒక రూపం తగిలిస్తుంది చూడు, పిరికివాడనో, దొంగ అనో, ఆ రూపాన్నే తెచ్చి మనిషి మీద బిగించేస్తాడు. అదే రాయి. ఆ రూపం మొదట ఎవడు కట్టాడో వాడే వచ్చి దించాలి. ఇంకెవరివల్లా కాదు."

"దించడమంటే ఏమిటి?" అని అడిగింది చెంగల్వ.

"వేషగాణ్ణి పక్కన పెట్టుకుని నన్నడుగుతావేం?"

చెంగల్వ కేతప్ప వైపు తిరిగింది. అతను గంజిబుర్ర కింద పెట్టాడు.

"మా కులాచారం అమ్మా అది. ఒక ఊళ్ళో దిగితే ముప్పై రోజులు ఆడతాం. ఊరివాళ్ళ వేషాలే కడతాం. కరణం, పూజారి, దొర, ఎవరినీ వదలం. ముప్పయ్యో రోజున ఎవరిని ఎగతాళి పట్టించామో వాళ్ళ గుమ్మం ముందుకు పోతాం. చివరిసారి ఆ వేషం వాళ్ళ కళ్ళముందే ఆడి, కూర్చుంటాం. వాళ్ళే మా చేతుల్లో నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళతో రంగు కడిగేసుకుని, ఉత్త మొహంతో పేరు చెప్పుకుంటాం. నేను మీరు కాదు, ఫలానావాణ్ణి, చూసింది కొంత, కల్పించింది కొంత, తప్పుంటే మన్నించండి అంటాం. అప్పుడు వేషం దిగినట్టు."

"దించకపోతే?"

"దించకుండా ఊరు వదలకూడదు," అన్నాడు కేతప్ప. "అది తనంతట తను తిరుగుతూ ఉంటుందంటారు."

చెంగల్వ లేచి నిలబడింది. "అయితే ఇప్పుడు పద్నాలుగు లోకాలూ గాలించి ఆ దుర్మార్గుణ్ణి పట్టుకురావాలన్నమాట."

ముసలిది మాత్రం కేతప్పనే చూస్తోంది.  కత్తి తిరిగి ఇచ్చి దారికి అడ్డంగా ఉన్న బండను కాలితో తోసేసింది.

కొండదారి గాలికత్తుల దారి. మలుపు మలుపుకీ కనపడని కత్తి ఒకటి దూసుకొచ్చి చెట్ల కొమ్మలు నరికిపోతుంది. గాలి ఈల వేసినప్పుడల్లా ఇద్దరూ నేలకు కరుచుకుని, ఈల ఆగగానే పరుగెత్తారు. చెంగల్వ తలపాగా అంచు తెగిపోయింది. కేతప్ప జుట్టుముడి తెగి లోయలో పడింది. అది దాటాక నల్లని పూల వనం. వాసన పీలిస్తే నిద్ర, నిద్రపోతే చావు. ముక్కుల్లో మిరియాలు కూరుకుని తుమ్ముతూ తుమ్ముతూ దాటేశారు. అవతల ఒక లోయ. దానిమీద ఎముకల వారధి. వారధికి ఆవలి కొసన గుహద్వారం. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఇద్దరూ లోయ ఇవతల ఒక బండ చాటున కూలబడ్డారు.

"ఆ ముసలమ్మ చేతుల మాట అంది చూశావా," అంది చెంగల్వ. "మా అమ్మ కూడా అదే చెప్పి చెప్పి పోయింది బాబాయ్."

కేతప్ప పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ యుద్ధంలో మా నాన్న ఏరు దాటి పోయిన మాట నిజమే. ఎందుకు పోయాడో తెలుసా? శత్రువుల గుడారాల్లో వంటమనిషి ఒకావిడ బాణం తగిలి పడిపోయింది. ఒళ్ళో రోజుల గుడ్డు. ఆవిడ మీద ఎర్రంచు దుప్పటి ఉంది. దాన్ని తలమీద కప్పుకుని, లోపల గుండెకు పిల్లని అదుముకుని, వంగి వంగి ఏరు దాటి, అవతలి పల్లెలో ఇచ్చేసి, తెల్లారేలోగా తిరిగి వచ్చాడు. శత్రువుల బిడ్డని తెలిస్తే బతకనివ్వరని ఎవరికీ చెప్పలేదు, అమ్మకి తప్ప. ఈలోగా ఎవడో వేషగాడు చూశాడు. పిరికి దళవాయి అని వేషం కట్టాడు. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రాజూ నవ్వాడు. నవ్విన తరవాత ఇంక నమ్మకుండా ఎలా ఉంటారు?"

"నువ్వు చూశావా ఆ వేషం?"

"అమ్మ తలుపులు తియ్యనిచ్చేది కాదు. నాకు పదేళ్ళు. గజ్జెల చప్పుడు వినపడేది, నవ్వులు వినపడేవి. అమ్మ ఆఖరికి ఇంటింటికీ వెళ్ళింది. ఇదీ జరిగింది తల్లీ అని ప్రతి గడపలోనూ చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. అమ్మ చెప్పింది నిజమే, కానీ చెప్పడం చేతనయ్యేది కాదు ఆవిడకి. మధ్యలో ఏడ్చేసేది. వాడికి ఆడటం బాగా వచ్చు. అమ్మ రెండేళ్ళకి పోయింది."

కేతప్ప ఆనాడు ఏటి ఒడ్డున రెల్లుపొదలో దాక్కుని ఉన్నాడు. యుద్ధానికి భయపడే దాక్కున్నాడు. రేవులో నీళ్ళు చిమ్మకుండా పడే అడుగులు, పైకి లేచిన మడమ, వెనక్కి వెనక్కి చూడటం, అన్నీ చూశాడు. ఎంత గొప్ప నడక దొరికిందో అని మురిసిపోయాడు. దుప్పటి కింద ఏముందో చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఇరవై తొమ్మిది రోజులు ఆడాక పొరుగురాజు మేనా పంపాడు. ఒక్క రోజే కదా, దించకపోతే ఏమైందిలే అనుకుని మేనా ఎక్కాడు.

"అమ్మా," అన్నాడు.

"పొద్దు నెత్తిమీదికొచ్చింది. పద," అని చెంగల్వ లేచింది. ఎముకలు కిర్రుమంటుంటే ఇద్దరూ వారధి దాటి గుహలోకి దూరారు.

కంకాళగిరి గుహ లోపల నెమలికంఠం రంగు వెలుగు. కప్పుకు వేలాడే స్ఫటికాల్లోంచి మధ్యాహ్నపు ఎండ నీరులా కారుతోంది. నడుమ పచ్చని మడుగు. అందులో శంబళుడు మునిగి ఉన్నాడు. వాడి జడలు మాత్రం నీటి మీద తేలి, గుహంతా పాకిన ఊడల్లా పరుచుకుని ఉన్నాయి. జడ తొక్కితే వాడు లేస్తాడు. ఇద్దరూ మునివేళ్ళ మీద జడల సందుల్లో అడుగులు వేస్తూ పోయారు. చుట్టూ వరసలు వరసలుగా రాతిమనుషులు. చెయ్యి చాచి ఏదో కాజేస్తున్న ఒక ఆడమనిషి. నాలుక బయటపెట్టిన ఒక పండితుడు. లోకం వాళ్ళ గురించి ఏం చెప్పుకుందో అలాగే నిలబడిపోయారు.

గోడ పక్కన చెంగల్వ ఆగిపోయింది.

తలమీద దుప్పటి. వంగిన నడుం. పైకి లేచిన మడమ. వెనక్కి చూస్తున్న మెడ. చేతులు దుప్పటి అంచును కొత్తపెళ్ళికూతురు పైట పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి.

"ఇది మా నాన్న కాదు," అంది. "మా నాన్న ఇలా ఉండడు."

కేతప్పకు మాత్రం ఆ రాతిలో ప్రతి ఒంపూ తెలుసు. ఆ మెడ విరుపు మారయది కాదు. మూడో రోజున జనం ఇంకాస్త నవ్వాలని తాను కలిపింది. చేతులు ఏం చెయ్యాలో తోచక పైట పట్టుకున్నట్టు పెట్టింది కూడా తనే. పన్నెండేళ్ళుగా ఒక మనిషి తన విరుపుతో మెడ తిప్పి నిలబడి ఉన్నాడు.

"వెతకక్కర్లేదమ్మా," అన్నాడు. "ఆ వేషగాణ్ణి నేనే."

చెంగల్వకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తి అతని గొంతు మీద ఉంది.

"పదిహేను రోజులు," అంది. "బాబాయ్ అన్నాను నిన్ను. నా అన్నంలో సగం పెట్టాను."

"నరుకు తల్లీ, కాదనను. దించాక నరుకు. గడియలో సగం అయిపోయింది."

కత్తి నెమ్మదిగా కిందికి దిగింది. 

కేతప్ప పెట్టె తెరిచాడు. మొహానికి పూసే పసుపుపచ్చ అరదళం, కాటుక, ఎర్రంచు దుప్పటి. చేతులు వాటంతట అవే పనిచేశాయి. దుప్పటి తలమీద కప్పుకుని గజ్జెలు లేకుండా నడిచాడు. అదే వంపు, అదే మడమ, అదే మెడ విరుపు. నవ్వేవాళ్ళు లేని చోట ఆ వేషం అతను ఎన్నడూ ఆడలేదు. విరుపు దగ్గర ఆగి నవ్వు కోసం ఎదురుచూడటం అలవాటు. ఆగాడు. నవ్వు రాలేదు. చెంగల్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆ పదేళ్ళ పిల్ల తలుపు వెనక నుంచి వినడమే తప్ప చూడని వేషం అది.

తరవాత అతను మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఈసారి మెడ విరుపు తీసేశాడు. చేతులు దుప్పటి లోపలికి తీసుకుని, గుండె దగ్గర మడిచి, రోజుల గుడ్డు బరువు పెట్టుకున్నాడు. తక్కింది ఏదీ మార్చలేదు. అదే మడమ. పిల్ల ఉలిక్కిపడి లేస్తుందని నీళ్ళు చిమ్మకుండా వేసిన అడుగు. వెనక ఎవరైనా వస్తున్నారేమో అన్న చూపు. అడుగు ఒక్కటీ మారకుండానే ఆ నడక ఇంకో మనిషిది అయిపోయింది.

వచ్చి రాతి ముందు కూర్చున్నాడు. దోసిలి పట్టాడు.

"ఆయన పొయ్యలేడు. ఆ ఇంటి మనిషివి నువ్వే."

చెంగల్వ మొలకు కట్టుకున్న సొరకాయ బుర్ర తీసింది. నీళ్ళు పోస్తుంటే సగం అతని మోకాళ్ళ మీద పడ్డాయి. అతను మొహం కడుక్కున్నాడు. పసుపు, కాటుక గడ్డం మీదుగా కారిపోయాయి. ముడతలు పడ్డ ఉత్త మొహం మిగిలింది.

"నేను దళవాయిని కాను. కేతప్పను. రెల్లుపొదలో దాక్కుని చూశాను. పాదాలే చూశాను, చేతులు చూడలేదు. మెడ విరుపు నా కల్పన. చూసింది కొంచెం, కట్టింది చాలా. తప్పు…"  మన్నించండి అన్న మాట ఆచారం ప్రకారం అనాలి. అనడానికి నోరు రాలేదు. "తప్పు నాది," అని ఊరుకున్నాడు.

రాయి చిట్లింది. మెడ దగ్గర మొదలై బీట నడుం దాకా పాకింది. దుప్పటి ఆకారంలో పెచ్చులు ఊడి పడ్డాయి. లోపలి నుంచి ఎముకల గూడులాంటి ఒక ముసలాయన ముందుకు తూలాడు. చెంగల్వ పట్టుకుంది.

"నాన్నా!"

"వినపడుతూనే ఉందమ్మా," అన్నాడు మారయ. "రాళ్ళకి చెవులు పనిచేస్తాయి." నెమ్మదిగా తల తిప్పి కేతప్పను చూశాడు. "నడక బాగా పట్టావయ్యా. పిల్ల ఉన్న మాట నిజమే. కానీ భయం వేసిన మాటా నిజమే. ఏరు దాటాక తిరిగి రాకూడదని ఒక్క క్షణం అనిపించింది. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. అది నువ్వొక్కడివే చూశావు. చూసినవాడివి, అక్కడే ఆగిపోయావు."

 ఊడిన పెచ్చు ఒకటి దొర్లి దొర్లి ఒక జడ మీద పడింది.

మడుగు బుసకొట్టింది. జడలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. పచ్చని నీళ్ళలోంచి లేచిన శంబళుడి తల కప్పుకు తగిలి స్ఫటికాలు వర్షంలా రాలాయి.

"ఎవర్రా నా బొమ్మ విరిచింది!"

"పరుగెత్తండి!" కేతప్ప తన రంగుల పెట్టె ఎత్తి వాడి కళ్ళలోకి గుమ్మరించాడు. నలభై ఏళ్ళ అరదళం, విభూది, మసి. మాంత్రికుడు గుహ అదిరేలా అరిచి కళ్ళు నులుముకున్నాడు. చెంగల్వ తండ్రిని వీపుమీద ఎత్తుకుంది. జడలు గోడలు చరుస్తూ వెంటపడ్డాయి. కేతప్ప వెనకే పరుగెత్తుతూ దుప్పటి విసిరి ఒకదాన్ని, రాతిముక్కతో ఇంకోదాన్ని ఆపాడు.

గుహ బయట ఎముకల వారధి మీద చెంగల్వ ముందు పోతోంది. నడుం వంగి ఉంది. మడమ పైకి లేచి ఉంది. బరువు జారకుండా ఆచితూచి అడుగు వేస్తూ, వెనక్కి వెనక్కి చూస్తూ పోతోంది. అలవాటు కొద్దీ కేతప్ప చూపు ఆమె పాదాల మీదికి పోయింది. పోయిన చూపును పైకి ఎత్తి చేతులు చూశాడు. తండ్రి కాళ్ళ చుట్టూ బిగిసి, గోళ్ళ దగ్గర తెల్లబడిన చేతులు.

ఆమె ఆవలి ఒడ్డున అడుగు పెట్టడం, శంబళుడి జడ వారధిని చరచడం ఒకేసారి జరిగాయి. ఎముకలు పటపటా విరిగి లోయలోకి రాలిపోయాయి. కేతప్ప గుహ వైపే ఉండిపోయాడు. ఐదు బారల లోయ. వెనక గుహలో జడలు నేల తడుముకుంటూ వస్తున్నాయి.

చెంగల్వ తండ్రిని బండకు ఆనించి, తలపాగా విప్పింది. పాతిక మూరల గట్టి బట్ట, లోపల తాడు పేని ఉంది. ఒక కొస చెట్టుకు కట్టింది. రెండో కొస చేత్తో పట్టుకుని నిలబడింది. విసరలేదు.

"కేతప్పా!" అని పిలిచింది. బాబాయ్ అనలేదు. "మా అమ్మ పేరేమిటి?"

అతను నోరు తెరిచాడు. ఇరవై తొమ్మిది రోజులు వాళ్ళ వీధిలో ఆడాడు. దళవాయి గుర్రం పేరు తెలుసు, ఆయన మీసం ఎటు మెలితిరుగుతుందో తెలుసు. ఆ వేషంలో దళవాయికి ఇల్లు లేదు. తలుపు వెనక ఎవరూ లేరు.

"తెలియదమ్మా."

"మా గుమ్మం ముందే గజ్జెలు కొట్టావు కదా."

"అవునమ్మా. తెలుసుకోలేదు."

మొదటి జడ అతని చీలమండను చుట్టుకుంది. అతను కాలు విదిలించుకోలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

"సూరాంబ," అంది చెంగల్వ. లోయలో ఆ పేరు రెండుసార్లు తిరిగింది. "పలుకు."

"సూరాంబమ్మగారు."

"మళ్ళీ."

"సూరాంబమ్మగారు!" అని అరిచాడు కేతప్ప. అతని జీవితంలో ఏ వేషానికీ అంత గొంతు ఎత్తలేదు.

చెంగల్వ చెయ్యి వెనక్కి వెళ్ళింది. తాడు ఎండలో మెలితిరుగుతూ లోయ మీదుగా వచ్చింది. కొస అతని వేళ్ళకు తగిలింది, జారింది, మళ్ళీ దొరికింది. రెండు చేతులతో పట్టుకున్నాడు. చీలమండ దగ్గర జడ బిగిసింది, వెనక శంబళుడి ఊపిరి వీపును కాల్చింది. ఆవలి ఒడ్డున ఆ పిల్ల కాళ్ళు తన్నిపెట్టి బిగబట్టి లాగుతోంది. ఆ పేరు మూడోసారి పలుకుతూ కేతప్ప లోయలోకి దూకేశాడు.